గోడమీది జిడ్డు

అంగడి హజరత్‌వలి రెండు పొట్లాలు నా ముందు పెట్టి, గోడకైతే చాకలి సోడానే తీసుకోమన్నాడు. వంట సోడా గిన్నెల మరకలకు చాలుతుంది గానీ ఏళ్లనాటి ఆముదం జిడ్డును కదిలించలేదన్నాడు. జిడ్డు మిగిలితే సున్నం వేసినా మరక పైకి తేలుతుందని కూడా చెప్పాడు.

నేను రెండూ కొన్నాను.

ఆ జిడ్డు మా అక్క మారక్కది. మొగుళ్లు పోయాక మేమిద్దరం పెనుకొండలో ఒకే ఇంట్లో ఉన్నాం. ఆమెకు చదువు రాదు. నేను అంగడి పొట్లాల కాగితాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నదాన్ని. సాయంత్రం ఆమె ఆ గోడకు తల ఆనించి కూర్చునేది, నేను కథలు చదివేదాన్ని. హిందూపురం ఆసుపత్రికి పోతూ బస్సు మెట్టు మీద నిలబడి, "కత ఆడే ఆపు. వచ్చినాక విందాం" అన్నది. రాలేదు. ఆ పుస్తకం నేను మళ్లీ తెరవలేదు. దీపం పెట్టే వేళకు గోడ దగ్గర ఎవరో ఇంకా కాచుకుని ఉన్నట్టే ఉంటుంది.

ఇప్పుడు ధర్మవరం నుంచి అక్క మనవరాలు ఈశ్వరి, చంటిబిడ్డతో నా దగ్గర ఉండడానికి వస్తానంది. ఆమె మొగుడికి బెంగళూరులో పని దొరికింది. ఒక్కటే మాట పెట్టింది, పోయిన మనిషి గుర్తు గోడమీద ఉంటే బిడ్డతో గడప తొక్కనని. ఈ ఇంట్లో ఇంకో మనిషి గొంతు వినాలని నాకెంత ఆశో ఆ పిల్లకు తెలియదు.

చాకలి సోడా విప్పబోయాను. చెయ్యి రాలేదు. అక్క తల ఆనిన చోటును అంత ఘాటు పొడితో రుద్దడమా? వంట సోడా తడిపి, జ్వరం వచ్చిన మనిషి నుదురు తుడిచినట్టు తుడిచాను. మరక పలచబడింది. చాలనుకుని సున్నం వేయించాను.

ఈశ్వరి వచ్చే రోజు ఉదయం చూస్తే సున్నంలోంచి పసుపుపచ్చగా, తలంత గుండ్రంగా, మరక తేలి ఉంది. అంతలోనే ఫోను. బస్టాండులో దిగిందట. ఏం చేయాలో తోచక దానికి అడ్డంగా కూర్చుని తల ఆనించాను.

ఈశ్వరి గడప అవతలే ఆగిపోయింది. కొంగు బిడ్డ తలమీదికి లాక్కుంది.

"మా అవ్వ అనుకుంటి" అంది మెల్లగా. "లేయి చిన్నవ్వా. ఆడి నుంచి లేయి."

లేస్తే మరక. లేవకపోతే నేనే మరక. లేచాను. ఆ పిల్ల గోడను చూసింది. లోపలికి రాలేదు.

అరుగు మీద కూర్చోమని చెప్పి, వంటింట్లోకి పోయి రెండో పొట్లం విప్పాను. చేతికి ప్లాస్టిక్ కవరు కట్టుకుని వేడినీళ్లలో కలిపి రుద్దాను. సున్నం, జిడ్డు కలిసి గోడవెంట కారాయి. తల దువ్వేటప్పుడు అక్క నుంచి వచ్చే ఆముదం వాసన ఇల్లంతా లేచింది.

అప్పుడు ఈశ్వరి గడప దాటింది.

"ఏం వాసన చిన్నవ్వా ఇది?"

"సోడాది తల్లీ" అన్నాను. "ఆరితే పోతాది."