తెర మీద ఎబెనెజరు

కాకినాడ తీరంలో ఓడల కదలికలు కనిపెట్టే కంట్రోల్ రూములో ఎజ్రా ఉద్యోగం. పెద్ద తెర, తెర నిండా సముద్రం, సముద్రం నిండా చుక్కలు. ఒక్కో చుక్క ఒక ఓడో బోటో, పక్కనే దాని పేరు. ఓడలోనో బోటులోనో బిగించిన పరికరం పంపే సంకేతమే తెర మీద చుక్కవుతుంది. గంగపుత్రుల ఇంట పుట్టి కాలు తడవకుండా జీతం తీసుకుంటున్నాడని అన్నయ్య ఆరోన్ వేళాకోళం చేసేవాడు.

ఆ ఉదయం ఎజ్రా కళ్ళు ఒకే చుక్క మీద ఉన్నాయి. ఎబెనెజరు. అది ఆరోన్ బోటు. వాయుగుండం అనుకున్నదానికన్నా ముందే విరుచుకుపడింది. మిగతా బోట్లన్నీ హార్బరు చేరాయి. ఎబెనెజరు నుంచి మాత్రం, ఇంజన్లోకి నీళ్ళొస్తున్నాయని వైర్‌లెస్‌లో ఒక్క కేక వినిపించింది. ఆ తర్వాత మాటలేదు.

కానీ చుక్క కదులుతోంది! చుక్క కదులుతోందంటే బోటు తేలుతోందన్నమాటే. ఎజ్రాకు ప్రాణం లేచొచ్చింది. కాకినాడకు వస్తున్న ఒక సరుకు ఓడను పిలిచి, బతిమాలి, అటు మళ్ళించాడు. చుక్క ఎటు జరిగితే ఓడను అటు నడిపించాడు. మధ్యలో వదిన తబిత ఏడుస్తూ ఫోను చేసింది.

"చుక్క కనపడుతోంది వదినా, భయపడకు. నీ ఫోన్లోనూ చూసుకో" అన్నాడు. ఆ చుక్కల్ని చూపించే యాప్ ఆమె ఫోన్లో పెట్టింది అతనే.

పొద్దెక్కాక ఓడ చుక్కను చేరింది. కెప్టెన్ వైర్‌లెస్‌లోకి వచ్చి హిందీలో చెప్పాడు, ఇక్కడ బోటేమీ లేదని. వల ఒకటి కొట్టుకుపోతోందట. దాని తేలుడు బుడ్డకు బోటులో ఉండాల్సిన సంకేతాల పరికరం తాడుతో కట్టి ఉందట.

ఎజ్రా నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. కిందటేడు ఏదో ఓడ ఆరోన్ వల మీదుగా పోయి దాన్ని చీలికలు పేలికలు చేసింది. అప్పటినుంచి ఆరోన్ వల వేయగానే బోటు పరికరం విప్పి వలకు కట్టేవాడు. చుక్కను చూస్తే ఓడలు పక్కకు తప్పుకుంటాయి మరి. హార్బరులో ఇంకా కొందరు చేసే పనే అది. వద్దని ఎజ్రా ఎన్నోసార్లు పోట్లాడాడు.

"గట్టున కూర్చుని ఎన్నయినా చెబుతావురా" అనేవాడు ఆరోన్. "బోటు మునిగితే ఈదుతాను. వల పోతే ఏం తినాలి?"

వల భద్రంగా ఉంది. పొద్దుటినుంచీ వల వెంట ఓడను పరిగెత్తించాడు ఎజ్రా, బోటు గాలికి ఏ దిక్కుకు పోయిందో ఏమో. కోస్ట్‌గార్డు వాళ్ళు వెతకడానికి సిద్ధమే, ఎక్కడ వెతకాలో చెప్పమన్నారు. ఎజ్రా ఏం చెబుతాడు? దిక్కుమాలిన తెర, ఇంత సముద్రాన్నీ చూపిస్తుంది గానీ అందులో మనిషిని చూపించదు.

కెప్టెన్ కాసేపు చుట్టూ తిరిగి చూశాడు. గాలి ముదిరింది. ఇక ఆగలేనని చెప్పి, ఆనవాలుగా ఆ పరికరాన్ని పైకి లాగించుకుని కాకినాడ దారి పట్టాడు. దాన్ని ఆపేయమనాలని ఎజ్రాకు తట్టలేదు.

మధ్యాహ్నం మళ్ళీ తబిత ఫోను.

"ఎజ్రా! మీ అన్నయ్య వచ్చేస్తున్నారయ్యా! ఎబెనెజరు తిన్నగా ఇటే వస్తోంది, ఎంత జోరుగా వస్తోందో! పాస్టరుగారికి చెప్పేశాను. చర్చిలో అందరూ స్తుతిప్రార్థన చేస్తున్నారు. నేను హార్బరుకి బయల్దేరుతున్నా. నువ్వూ వస్తావా?"

ఎజ్రా తెర వైపు చూశాడు. ఓడ చుక్కను అంటిపెట్టుకుని ఎబెనెజరు ఒడ్డుకు వస్తోంది. చెప్పాలని నోరు తెరిచాడు. కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"ఉండు వదినా" అన్నాడు చివరికి, "నేనూ వస్తాను."