గురువారం వంతు

లాండ్రీ ఆయన కూతురు ప్రాణం మీదికి తెచ్చుకున్నది మేడ మీది గదికి వెళ్ళినందువల్లేనని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆ గురువారం సాయంత్రం, వాన ఇంకా పూర్తిగా వెలవకముందే, ఆ పిల్ల సైకిల్ షాపు పక్కనున్న ఆ గది మెట్లు దిగి కళ్ళు తుడుచుకుంటూ పోవడం కుట్టుమిషను ఆవిడ తన కళ్ళతో చూసింది. పొద్దుపోయేసరికి పిల్ల ఆస్పత్రిలో ఉంది. మిగిలిన కథను వీధే పూరించుకుంది. ఆ గదిలో కూర్చోబెట్టి మనసులో ఉన్నదంతా కక్కిస్తారట. ఖాళీ అయిన చోట తిరిగి ఏమీ పెట్టరట. గోడలకు వేసిన నీలం రంగే మంచిది కాదని కటింగ్ షాపులో ఒకాయన తేల్చేశాడు. ఆయన షాపు గోడలూ నీలమే.

ఇంతమందిలో నోరు మెదపనివారు ఒక్క రుజువు మాస్టారే. వింత ఏమిటంటే, ఇలాంటి కబురు పుట్టగానే అందరికన్నా ముందు నోరు చేసుకునేది ఆయనే. కాలేజీలో భౌతికశాస్త్ర ప్రయోగశాలను ముప్పై మూడేళ్ళు నడిపి రిటైరైన మనిషి. ఖాళీ ఇంట్లో గజ్జెల చప్పుడు వినిపిస్తోందని వీధి వీధంతా వణికిన రోజుల్లో, నిచ్చెన వేసుకుని కప్పెక్కి, ఊడిపోయిన రేకుముక్కను విప్పి తెచ్చి, నలుగురిలో మోగించి చూపించారు. ఎవరేం చెప్పినా "రుజువేది?" అంటారు గనుక ఆ పేరు వచ్చింది. ఈసారి మాత్రం ఆ మాట ఆయన గొంతు దాటలేదు.

మేడ మీది గది ఆలోచన పెద్దాస్పత్రి నర్సమ్మది. "మనసు బాగాలేకపోతే కుర్రకారు ఆస్పత్రి గడప తొక్కరు. ఎవరైనా చూస్తారేమోనని భయం. మనమే వాళ్ళ వీధిలో కూర్చుందాం" అని ఆమె అయిదుగురిని పోగుచేసి ఆరు వారాలు శిక్షణ ఇచ్చింది. రోజుకొకరి వంతు. గురువారం మాస్టారిది. సలహాలివ్వకూడదు, వినాలి. పరిస్థితి భయపెట్టేలా ఉంటే వెంటనే తనకు ఫోన్ చెయ్యాలి. వీటన్నిటికన్నా ముందు, అయిదింటికల్లా తలుపు తెరిచి ఉండాలి.

"ఎవరూ రానిరోజు తెరిచి ఏం లాభమమ్మా?" అని మాస్టారు అప్పుడే అడిగారు.

"లోపలికి వచ్చేవాళ్ళు ముందు నాలుగుసార్లు దూరం నుంచి చూసి పోతారు మాస్టారూ. తెరిచి ఉందా లేదా అని."

ఆయన ఆ మాటను నోట్సులో రాసుకున్నారు. రాసుకున్న మాట మనసుకెక్కిందనుకోవడం చదువుకున్నవాళ్ళకు అలవాటే. ఆపైన ఒక గళ్ళకాగితం గోడకు అంటించి, ఏ గురువారం ఎంతమంది వచ్చారో చుక్కలు పెట్టి గీతతో కలపడం మొదలుపెట్టారు. ఎండాకాలంలో గీత బాగానే ఎగబాకింది. వానలు మొదలయ్యాక కిందికి దిగింది. వరసగా మూడు గురువారాలు సున్నా, సున్నా, సున్నా.

నాలుగో గురువారం మధ్యాహ్నం నుంచే వాన. మాస్టారు ఆగిపోయిన గోడగడియారం విప్పి బల్ల మీద పరుచుకుని కూర్చున్నారు. ఆయనతో ఉండే అక్కయ్య అయిదు కావస్తుండగా గొడుగు తెచ్చి ఎదురుగా పెట్టింది.

"వెళ్ళవూ?"

"ఎవరూ రారక్కా. మూడు వారాల లెక్క చెబుతోంది."

"వానలో తడిసి వచ్చే పిల్లకి నీ లెక్క తెలుసా?"

"అబ్బబ్బా, ఒక్కరోజుకి కొంప మునిగిపోదులే" అని ఆయన చిన్న పళ్ళచక్రాన్ని పట్టకారుతో ఎత్తి కంటి దగ్గర పెట్టుకున్నారు. గడియారం ఏడింటికి నడిచింది. ఆ సంతోషంలో భోజనం కూడా రెండు ముద్దలు ఎక్కువే తిన్నారు.

మర్నాడు కబురు తెలిసింది. పక్కింటివాళ్ళు సమయానికి చూశారు గనుక పిల్ల దక్కింది. సాయంత్రం నర్సమ్మ ఫోన్ చేసి, "నిన్న మీ వంతు కదా మాస్టారూ, ఆ అమ్మాయి మీతో ఏమైనా చెప్పిందా?" అని అడిగింది.

"నాతో ఏమీ చెప్పలేదమ్మా" అన్నారు మాస్టారు.

అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. జీవితమంతా మాటల్లో కచ్చితత్వం కోసం పాటుపడిన మనిషి, ఆ కచ్చితత్వాన్నే అడ్డం పెట్టుకుని దాక్కున్నారు. ఫోన్ పెట్టేశాక చెంపలు వేడెక్కాయి. ఎవరో లాగిపెట్టి కొట్టినట్టు చాలాసేపు అలాగే ఉన్నాయి. ఒక తలుపు మూసి ఉన్నంత మాత్రాన ఇంత జరగదు, ఇలాంటివాటికి కారణాలు అనేకం ఉంటాయి అని తనకు తాను చెప్పుకున్నారు. ఆ వాదన సరైనదే. అదే వాదన గదిని కూడా కాపాడుతుంది. కానీ దాన్ని ఆయన తనకోసం వాడుకున్నారే తప్ప, గదిని తిట్టేవాళ్ళ ముందు ఒక్కసారీ వాడలేదు. వాడితే, "ఆ రోజు మీరేగా లోపలున్నది?" అని ఎవరైనా అడుగుతారు.

నాలుగు వారాలు ఆయన వీధి చివరి దాకా నడవడం మానేశారు. లాండ్రీ ముందు నుంచి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. ఉతికిన చొక్కాలు ఇస్త్రీ లేకుండానే తొడుక్కున్నారు. ఈలోగా గది ఎత్తేయాలని, ఆదివారం మీటింగులో చేతులెత్తించి తేల్చేద్దామని వీధి సంఘం నిర్ణయించింది. అప్పుడు చొక్కాలు పట్టుకుని బయల్దేరారు.

లాండ్రీ ఆయన బట్టలివ్వడానికి వెళ్ళాడు. పిల్ల ఒక్కతే బల్ల వెనక నిలబడి దుప్పటి మీద నీళ్ళు చిలకరిస్తోంది. చిక్కిపోయింది, చేతులు మాత్రం నిదానంగా, నేర్పుగా కదులుతున్నాయి.

"రండి మాస్టారూ. ఇన్ని ముడతలేంటి, వీటిమీద పడుకున్నారా ఏంటి?"

ఆయన నవ్వబోయారు. రాలేదు.

"ఆదివారం గది ఎత్తేస్తారట కదా?" అందామె.

"అంటున్నారమ్మా."

"వచ్చే వారం నుంచి అక్కడే చూస్తానన్నారు నర్సమ్మ గారు. మరి ఇక నన్నెక్కడ చూస్తారు? పెద్దాస్పత్రికి రెండు బస్సులు మారాలి. నాన్న ఒక వారం తీసుకెళ్తారు, రెండు వారాలు తీసుకెళ్తారు. తర్వాత షాపు ఎవరు చూస్తారు?"

మాస్టారు బల్ల అంచు పట్టుకున్నారు. "ఆ రోజు..."

"నలభై నిమిషాలు చూశాను. ఆలస్యమైందేమో, వస్తారేమోనని. ఆ మెట్ల మీద రేకు కారుతోంది, ఎవరికైనా చెప్పి బాగుచేయించండి." గుండీ ఊడిన చొక్కా గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"అంతకుముందు నువ్వెప్పుడూ రాలేదు కదమ్మా..."

"ఎందుకు రాలేదు! రెండుసార్లొచ్చాను. మా నాన్న ఇటొచ్చారా అని అడిగాను. రాలేదమ్మా అన్నారు మీరు." ఇస్త్రీపెట్టె పక్కకు నిలబెట్టి మొదటిసారి ఆయన వంక చూసింది. "మోకాళ్ళ నొప్పుల మనిషి, మా నాన్న అన్ని మెట్లెక్కి అక్కడికెందుకొస్తారు మాస్టారూ?"

గళ్ళకాగితం ఆయన కళ్ళముందు నిలిచింది. ఆ మూడు సున్నాల్లో రెండు ఈ పిల్లే. గడప దాకా వచ్చి, లోపలికి రమ్మంటారేమోనని నిలబడి, రమ్మనకపోతే వెళ్ళిపోయింది. గడప దాటలేదు గనుక ఆయన లెక్కలోకి రాలేదు. ఆ లెక్కను నమ్మే నాలుగో గురువారం ఇంట్లో కూర్చున్నారు. తల కొట్టేసినట్టయింది.

"తలుపు మూసి ఉందని ఎవరికీ చెప్పలేదేమ్మా?"

"నన్నెవరు అడిగారు? అందరూ నాకే చెప్తున్నారు, నాకేం జరిగిందో." చొక్కా చేతులు మడిచి, కాలరు సరిచేసి, దొంతర ఆయన ముందుకు జరిపింది. "మీరు చెప్తారనుకున్నాను."

ఇంటికి వచ్చి ఆయన చాలాసేపు చెప్పులు విప్పకుండా కూర్చున్నారు. అక్కయ్య మంచినీళ్ళు ఇస్తూ మొహం చూసింది.

"ఆ రోజు నేను వెళ్ళలేదని ఎవరితోనైనా అన్నావా అక్కా?"

"అంటానా? కడుపులో పెట్టుకుని కూర్చున్నాను. వీధిలో అందరినీ నిలదీశావు ఇన్నేళ్ళూ. నిన్ను నిలదీసేవాళ్ళు లేరనేగా నీ ధైర్యం?"

ఆయన గ్లాసు కింద పెట్టి, అప్పుడు చెప్పులు విప్పారు.

ఆదివారం సంఘం హాలులో కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. నర్సమ్మ ముందు వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆఖరి వరసలో లాండ్రీ ఆయన లేచాడు, పక్కన కూతురు తల వంచుకుని ఉంది.

"నేను చదువుకున్నవాణ్ణి కాదమ్మా. ఒక్కటే అడుగుతున్నా. ఆ రోజు ఆ గదిలో నా పిల్లకి ఏం చెప్పారు?"

"మాస్టారి వంతు ఆ రోజు" అంది నర్సమ్మ నెమ్మదిగా. "అమ్మాయి తనతో ఏమీ చెప్పలేదన్నారు. అంతకుమించి నాకూ తెలీదు."

తలలన్నీ మాస్టారి వైపు తిరిగాయి. "ఇంకేం, రుజువేదని అడగండి మాస్టారూ!" అన్నాడు కటింగ్ షాపాయన. నలుగురు నవ్వారు.

మాస్టారు లేచారు. "ఇలాంటివాటికి కారణం ఒక్కటే ఉండదు..." అని మొదలుపెట్టారు. అది పాఠంలా తన చెవికే వినబడి ఆగిపోయారు. కుర్చీల మధ్యనుంచి ముందుకు నడిచి, జేబులోంచి గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. నవ్వులు ఆగాయి. లాండ్రీ ఆయన మొహం చూడలేక, పిల్ల వైపు చూస్తూ చెప్పారు.

ఆ గురువారం గది తెరవలేదు. తాళంచెవి సాయంత్రమంతా ఆయన ఇంట్లో, బల్ల మీద, విప్పిన గడియారం పక్కనే ఉంది.