ఏడో చీటీ

అయినా మొన్నటికి ఇంట్లో గోడకి ఆ పగులు ఇంత లేదు కదా, దువ్వెన పళ్ళు మాత్రమే దూరేవి కదా అనుకుంటూ విలేఖరి సొరంగం కంపెనీ ఆఫీసు మెట్లెక్కుతున్నాడు. నిన్న దువ్వెన మొత్తం దూరిపోయింది. అవతలి గదిలో ఉన్న అత్తగారు దాన్ని అందుకుని, తీరిగ్గా తల దువ్వుకుని, మళ్ళీ ఆ సందులోంచే తిరిగి ఇచ్చారు.

"అల్లుడుగారూ, గోడ బాగానే పనికొస్తోంది. రేపట్నించి కాఫీ కూడా ఇటునుంచే అందించమనండి" అన్నారావిడ.

అది వెక్కిరింతో సర్దుబాటో తేలక అతను నవ్వాడు. ఏదీ తేలనప్పుడు నవ్వడం అతనికి ఉద్యోగంలో అబ్బిన అలవాటు. భార్య మాత్రం నవ్వలేదు.

"ఏవండీ, అమ్మ మంచం ఆ గోడ కిందే ఉంది. ఎల్లుండి ఆ సొరంగం తవ్వే మిషను రెండో సొరంగానికి మళ్ళీ మన వీధి కిందికే వస్తుందట. మీరు పేపరాయన కదా, వాళ్ళకి ఎదురుగా కూర్చుంటారు కదా, ఒక్క మాట అడగలేరూ?"

అడుగుతానన్నాడు. అనడానికేం, అనేశాడు. కానీ సొంతంగా ఒక ప్రశ్న అడిగి తొమ్మిదేళ్ళయింది.

కంపెనీ పీఆర్వో ఒకప్పుడు అతని పక్క బల్ల దగ్గర కూర్చుని వార్తలు రాసినవాడే. ఈ ఉద్యోగంలోకి వచ్చాక ప్రెస్ మీట్లకి కొత్త పద్ధతి పెట్టాడు. ప్రతి కుర్చీలో టీ కప్పుతో పాటు మడతపెట్టిన చీటీ ఒకటి ఉంటుంది. దానిమీద అంకె, అంకె కింద అడగాల్సిన ప్రశ్న. మొదట్లో అందరూ నొచ్చుకున్నారు. తర్వాత చీటీ కనిపించకపోతే నొచ్చుకోవడం మొదలుపెట్టారు. విలేఖరిది ఎప్పుడూ ఏడో చీటీ, చివరిది: "చివరగా, ప్రజలకు మీరిచ్చే సందేశం?" ఎండీగారు సందేశమిస్తారు, అందరూ భోజనానికి లేస్తారు. ఒకసారి విలేఖరికి జ్వరమొచ్చి రాలేదు. ఆ మీటింగు ఎలా ముగించాలో ఎవరికీ తెలియక సాయంత్రం దాకా సాగింది.

పీఆర్వో గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"రా అన్నా. నీ కుర్చీ ఫ్యాను కింద వేయించాను."

"తమ్ముడూ, ఇవాళ నాకో ప్రశ్న ఉంది."

"ఎక్కడ?" అన్నాడు పీఆర్వో, నొప్పి ఎక్కడని డాక్టరు అడిగినట్టు.

"ఇంట్లో. గోడకి."

అంతా చెప్పాడు. దువ్వెన దగ్గరికొచ్చేసరికి పీఆర్వో కళ్ళు నిజంగానే చెమర్చాయి. అతని చెయ్యి పట్టుకున్నాడు.

"అయ్యో, వదిన ఎంత హడలిపోయుంటుందో! మంచి ప్రశ్నన్నా. ఎంత సహజంగా ఉందో చూడు. ఇలాంటిది నాకు రాయడం రాదు. కానీ నువ్వు అడగకూడదు."

"ఏం?"

పీఆర్వో జేబులోంచి సోమవారం నాటి పేపరు ముక్క తీశాడు. 'సొరంగం దారిలో ఏ ఇంటికీ వెంట్రుకంత పగులు కూడా లేదని మా విలేఖరి స్వయంగా పరిశీలించి నిర్ధారించారు.' కింద అతని పేరు.

"ఇది నువ్వు పంపిన ప్రెస్ నోటేగా!"

"పంపింది నేనే. వేసింది నువ్వు. చదవలేదా?"

"నువ్వు చదివావా?"

"నేనెందుకు చదువుతాను? పోయినేడాది నోటుకి తేదీ మార్చాను."

విలేఖరికి ఆ నోటు పేపరుకి పంపిన రోజు గుర్తొచ్చింది. ఇంట్లో ఆ గోడకే వీపు ఆనించి కూర్చున్నాడు. నోటు కింద పేరు చేరుస్తుంటే కీబోర్డు మీద సున్నం పెళ్ళ రాలింది. ఉఫ్‌మని ఊదేసి, పంపేశాడు. మర్నాడు భార్య ఏమీ అనకుండా ఆ వార్త కత్తిరించి, మైదా జిగురుతో పగులు మీద అతికించింది. సాయంత్రం కింద మిషను నడిచినప్పుడు కాగితం చిరిగింది. సరిగ్గా అతని పేరు మధ్యలోంచి చిరిగింది. సగం పేరు పగులుకి ఈ పక్క, సగం ఆ పక్క. ఈ రెండు సగాల్లో రోజూ ఆఫీసుకి వెళ్ళేది ఏదో అప్పట్నించీ అతనికి తెలియడం లేదు.

"నీ గోడ పగిలిందంటే నీ వార్త అబద్ధమని ఒప్పుకున్నట్టే. నీ ఉద్యోగం పోతుంది, వెనకే నాది" అన్నాడు పీఆర్వో బతిమాలుతూ. "పోనీ, మూడో చీటీలో పెట్టించనా? 'ఎక్కడా పగుళ్ళు లేవని విన్నాం, మీకెలా అనిపిస్తోంది?' అని?"

అతను వెక్కిరించడం లేదు. అదే అతను చేయగలిగిన సాయం. అది తెలిసి విలేఖరికి కోపం కూడా రాలేదు. వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

ఎండీగారు వచ్చారు. పీఆర్వో మొదటి చీటీవాడికి సైగ చేశాడు. వాడు లేచి, "సార్, ఇంత నిశ్శబ్దంగా తవ్వడం మీకెలా సాధ్యమవుతోంది?" అని చదువుతుండగా, నేల అడుగునుంచి సన్నని వణుకు బయల్దేరింది. కప్పులన్నీ సాసర్లలో టకటకలాడాయి. ఎవరి కప్పు వాళ్ళు వేలితో నొక్కిపట్టుకున్నారు, ఎవరూ కిందికి చూడలేదు. విలేఖరి మాత్రం తన కప్పు పట్టుకోలేదు. రేపు పొద్దున ఇదే వణుకు అత్తగారి మంచం దాకా వస్తుంది. ప్రశ్నంటే ఏమిటి? జవాబు తెలియనిది. తొమ్మిదేళ్ళలో తనకి తెలియనిదంటూ ఏదీ లేకుండా పోయింది. ఇప్పుడొకటి ఉంది. రేపటికి ఆ గోడ నిలుస్తుందా?

గొంతు సవరించుకున్నాడు.

అలవాటుకొద్దీ వెనక వరుసలో నలుగురు భోజనానికి లేచారు. ఎండీగారు సందేశానికి నోరు తెరిచారు. గోడ వారన నిలబడ్డ పీఆర్వో, వద్దన్నా వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.

విలేఖరి ఏడో చీటీని టీ కప్పులో ముంచి, ఖాళీ అయిన చెయ్యి పైకెత్తాడు.