గ్రంథములకు దక్కిన నెలవు

ద్రాక్షపండ్లన్నియు గానుగలకెక్కి రసము పీపాలఁ జేరఁగా రైనునదీతీరమున ఆకురాలిన తోఁటలు వెలవెలఁబోవుచుండ మంచుతెర యెల్లెడలఁ గ్రమ్మి దేవాలయశిఖరములను సయితము మ్రింగుచుండ హేమంతము గడపకడ నిలిచిన యొకనాఁటి యపరాహ్ణమున అనేకపండితమండితంబును ముద్రాలయశోభితంబును నగు నొక పురమునందలి యూదులవీథిలో ఎలియాకీమను వృద్ధోపాధ్యాయుఁడు జ్వరపీడితయగు భార్య బ్రైన శయ్యకడఁ గూర్చుండి కన్నులు కాయలు కాయ నగరసభవార్తకై యెదురుచూచుచుండెను. యూదులు పురమున నుండవలయునా వెడలవలయునా యన్నదే యానాఁటి విచారణ. ఆమెను జలిగాలిలోనికిఁ గదలించినచోఁ బ్రాణము దక్కదని వైద్యుఁడు ముందే చెప్పియుండెను.

అయినను ఆ వృద్ధునకుఁ గొండంత యాశ యొకటి కలదు. ఆ యాశ పేరు మెల్ఖియోరు. ఈతఁడు క్రైస్తవపండితులలో నగ్రగణ్యుఁడు. ఆ కాలమున యూరపుఖండవిద్వాంసులలోఁ బెక్కండ్రకు హీబ్రూభాషపై వెఱ్ఱి పట్టియుండెను. దేవుఁడు తొలుత మాటలాడినది యా భాషయందేయనియు మోషేధర్మశాస్త్రమున సకలరాజ్యనీతికి మూలము గలదనియు వారు నమ్ముదురు. చచ్చిన హీబ్రూలు వారికిఁ బూజ్యులు. బ్రదికియున్న యూదులో, అబ్బే, ఱొమ్మునఁ బసుపుగుడ్డ కుట్టుకొని దారి తొలఁగి నడువవలసినవారు! ఎలియాకీము తొమ్మిదేండ్లు దొడ్డిదారిన మెల్ఖియోరుగృహముఁ జొచ్చి యక్షరములు మొదలుకొని తాల్ముదను తమ ధర్మగ్రంథముపై వ్యాఖ్యానముల పర్యంతము కడుపులోని విద్యయంతయు నాతనికిఁ గుమ్మరించెను. పామునకుఁ బాలు పోయుచున్నావని తనవారు దెప్పిరి. ఒకనాఁడు శిష్యుని చేతినుండి గ్రంథము జాఱిపడఁగా నాతఁడు యూదుల యాచారముచొప్పున దానినెత్తి ముద్దిడుకొనెను. అది చూచి ముసలివాఁడు కరఁగిపోయెను. మా పుస్తకమును ముద్దిడినవాఁడు మమ్ముఁ దన్నఁడని వీథియంతయుఁ జాటెను. పాపము, అంతటి శాస్త్రజ్ఞునకు లోకజ్ఞాన మంతమాత్రమే.

అట్లుండ మెల్ఖియోరు తానే వచ్చెను. ముఖము వెలుఁగుచుండెను.

"ఉపాధ్యాయా, గెలిచితిమి! మీ గ్రంథములను గాల్పవలయునని మఠవాసులు పట్టుపట్టిరి. నేనొక్కరుఁడనే యెదురు నిలిచితిని. ఒక్క పత్రమైనను గాలదు. అన్నియు నగరగ్రంథాలయమున భద్రముగా నుండును."

"మఱి మేము?" అని ఎలియాకీ మడిగెను.

మెల్ఖియోరు చూపు మరల్చుకొనెను. యూదులు పురము వెడలుట కెనిమిదినాళ్ల గడువున్నదని మెల్లఁగాఁ జెప్పెను. గ్రంథములు చేతఁజిక్కినపిదప బోధకులతోఁ బనిలేదని తాను వ్రాసియిచ్చితిననియు ఆ యుక్తిచేతనే సభవారు మెత్తఁబడిరనియుఁ గూడఁ జెప్పెను. ఏఱు దాఁటి తెప్ప తగులఁబెట్టిన వారినిఁ గూర్చి విందుము. ఈ మహానుభావుఁడు తెప్పను దాఁచుకొని సరంగును ఏటఁ ద్రోసెను.

విధివైపరీత్య మేమందుము! ఆ యెనిమిదినాళ్లలో బ్రైనకు జ్వరము తగ్గి గంజి త్రాగసాగెను. తొమ్మిదవనాఁటి యుదయమున నామెను బండినెక్కించిరి. మధ్యాహ్నమునకు రెండుకోసుల దూరమునఁ బ్రాణము విడిచెను. దారిపొడుగునఁ గల గ్రామములవారెవ్వరును యూదుశవమునకు నేల నీయకుండుటచే ఎలియాకీము బండిని వెనుకకుఁ ద్రిప్పి నగరద్వారముకడ నిలిచి తన పితరులున్న శ్మశానమున నామెను బూడ్చి తత్క్షణమ మరలిపోదునని వేఁడుకొనెను. అది శాస్త్రవిషయమగుటచే సభవారు మెల్ఖియోరు నభిప్రాయ మడిగిరి.

కొంతసేపటికి ద్వారపాలకుఁడొక చీటి తెచ్చియిచ్చెను. అందు ముత్యములవంటి హీబ్రూలిపిలో నిట్లుండెను: "దిక్కులేని శవము పడినచోటనే పూడ్పఁబడునని మీ శాస్త్రవిధి. కావున లోనికిఁ దేనక్కఱలేదు."

ఎలియాకీము దానిని రెండుమాఱులు చదివెను.

"వచనము సరియైనదే. నేను నేర్పినదే," యని యాతఁడు ద్వారపాలకునితో ననెను. "కాని యిది యెవ్వరును లేనివారినిఁ గూర్చినది. ఈమెకు నేనున్నాను."

ద్వారపాలకుఁడు చదువురానివాఁడు. తలుపు మూసెను. ముసలివాఁడు బండిలోని గునపము దీసికొని కోటగోడక్రిందఁ గడ్డకట్టిన నేలను ద్రవ్వ మొదలిడెను.