నంబర్లాయన వెన్నెల

బస్సు నుదుట రాసిన అంకెలు ఆరకముందే ఆయన డబ్బాకు మూతపెట్టి, డ్రైవర్ల విశ్రాంతి గదిలోకి నడిచాడు. డిపోలో ఆయన్ని అందరూ నంబర్లాయన అనేవారు. పెళ్లికి ముందు నుంచీ బస్సుల మీద అంకెలు, ఊళ్ల పేర్లు రాయడమే పని. ఎండకు కమిలిన మెడ, కుంచె పట్టి వంకరపోయిన చూపుడువేలు, ఎంత రుద్దినా గోళ్ల సందులు వదలని పసుపు రంగు. రాసిన ఊళ్లలో చాలావాటి ముఖమైనా చూడలేదు.

గదిలో ఎదురుగోడ నిండా వెన్నెల్లో కొండలు. ‘ఖాళీగోడ, ఏదో ఒకటి వెయ్యవయ్యా’ అని మేనేజరు అన్నప్పటి నుంచీ పని తెమలగానే ఇక్కడికి వస్తున్నాడు. కొండలు కుదిరాయి, లోయ కుదిరింది, అందులోకి దిగే దారీ కుదిరింది. చందమామే ఎన్నిసార్లు దిద్దినా మాట వినడం లేదు.

“బాబాయ్, అది చందమామలా లేదు, గిన్నె మూతలా ఉంది,” అన్నాడు మంచం మీద పడుకున్న బట్టతల డ్రైవరు.

ఆయన చాలాసేపు చూశాడు. కుంచె నీలంలో ముంచి చందమామను చెరిపేశాడు. డ్రైవరు లేచి కూర్చున్నాడు.

“కోపమొచ్చిందా? ఊరికే అన్నాను.”

“నిజమే అన్నావులేరా.”

తర్వాత చెట్ల నీడలన్నీ కొండల వైపుకు తిప్పాడు. రాళ్ల ముఖాల మీద పలచగా తెలుపు పూశాడు. ఛాతీలో ఏదో బరువుగా ఉన్నా చెయ్యి ఆపలేదు.

సాయంత్రం ఆయన్ని వెంటబెట్టుకెళ్లడానికి భార్య వచ్చింది. చొక్కా మరకలను తిట్టడం తప్ప ఆయన పని గురించి ఏనాడూ మాట్లాడని మనిషి. గుమ్మంలో నిలబడి గోడను చూసింది. చూసి, చటుక్కున వెనక్కి తిరిగింది.

“ఎవరే అక్కడ?”

“ఎవరూ లేరు. వెలుగు ఎక్కణ్నుంచి పడుతోందా అని.”

బయట ఇంకా ఎండ పోలేదు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

డ్రైవరు వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. అతనూ వెనక్కి చూసి, సిగ్గుపడి, వెళ్లి డిపో అంతటినీ పిలుచుకొచ్చాడు. మెకానిక్కులు, కండక్టర్లు, చివరికి మేనేజరు. వచ్చినవాళ్లు వచ్చినట్టు వెనక్కి తిరగడం, పకపకా నవ్వడం.

“ఆ దారి ఎక్కడికి బాబాయ్?” అంటూ డ్రైవరు టీ తెచ్చి అందించాడు.

“ఎక్కడికైనా పోవచ్చు. వెన్నెల వీపున ఉందిగా.”

రెండు గుక్కలు తాగి గ్లాసు కిటికీ గట్టున పెట్టాడు. “కాస్త నడుం వాలుస్తానే,” అన్నాడు భార్యతో.

“వాల్చండి. నేనింకా చూస్తాను.”

ఆమె తనివితీరా చూసి తిరిగేసరికి ఆయన ముఖం మీద నవ్వు అలాగే ఉంది. ఆయన లేడు.

ఆయన్ని చేతుల మీద మోసుకెళ్లాక గది ఖాళీ అయింది. కిటికీ గట్టున సగం టీతో గ్లాసు, దాని మీద ఇంకా ఆరని నీలపు బొటనవేలి ముద్ర.