ముద్ర పడని వేళ్లు

మా కృపాకుమారక్క పాఠం చెబితే రాళ్లకు కూడా చదువొస్తుంది. మా యాడికి ఊరి చుట్టుపక్కల రాళ్లకు తీరిక ఎక్కువ కాబట్టి అవి ఎప్పుడో నేర్చేసుకున్నాయి. తీరిక లేనిది ఆడవాళ్లకే.

విత్తనాల కాలం రాగానే అక్క నడిపే వయోజనుల బడి ఖాళీ అయింది. అందరూ రైతు శ్రీరంగప్ప కొట్టంలో వేరుశనక్కాయలు ఒలిచే కూలికి పోయారు. అక్కకు జీతం లేదు, అయినా బోర్డు నెత్తిన పెట్టుకుని కొట్టానికే వెళ్లింది. సుద్దముక్క మోసే బరువైన బాధ్యత నాది. పేరు తిప్పేష్, పదవి సహాయ వాలంటీరు.

ఆడవాళ్లు కాయలు ఒలుస్తూనే చదివేవారు. శ్రీరంగప్ప మాట నమ్మితే, 'క్ష' వచ్చేసరికి అర బస్తా విత్తనాలు విద్యార్థుల కడుపుల్లోకి చేరాయి.

అంతలో పట్నం నుంచి, బడికి పుస్తకాలిచ్చే సంస్థ తరఫున జయచంద్ర సారు వేలిముద్రల యంత్రంతో దిగాడు. హాజరుకు కొత్త పద్ధతంట. ఈరోజు పదిమంది ముద్రలు ఎక్కకపోతే పుస్తకాలు, బోర్డు వెనక్కి. బడి బంద్.

ఒక్క ముద్రా పడలేదు. ఏళ్ల తరబడి కాయలు ఒలిచి ఆ వేళ్లు ఎంత నున్నగా అరిగాయంటే, ఈగ వాలితే జారిపడి కాలు విరగ్గొట్టుకుంటుంది. యంత్రం ఎర్రదీపం వెలిగిస్తూనే ఉంది.

నేను అక్క చెవిలో చెప్పాను.

"అక్కా, నా వేళ్లు ఉండాయి కదా. పుట్టినప్పట్నుంచి పని చెయ్యలేదు, షోరూములో బండి మాదిరి ఉండాయి. పదిమందికి పది వేళ్లు. దేవుడు లెక్క చూసే ఇచ్చినాడు."

"నోర్ముయ్ రా! వేలిముద్ర మాన్పించేదానికి బడి పెట్టి, దొంగ ముద్రలతో నిలబెట్టేదా? మూతపడితే పడనీ" అంది అక్క. మాట గట్టిగానే వచ్చింది కానీ, కళ్లు బోర్డు మీంచి కదల్లేదు.

పెద్దక్క ఒళ్లో పొట్టు దులుపుకుని లేచింది. పేరే పెద్దక్క, బడిలో అందరికన్నా పెద్ద విద్యార్థి, అరవై దాటిన మనిషి.

"ఏమప్పా సారూ, ముద్ర వేసేదానికైతే మా యమ్మ గూడా వేసింది. దానికి బడెందుకు? తిప్పేషూ, ఆ సుద్దముక్క ఇట్లా తే."

బోర్డు మీద తన పేరు రాయడం మొదలుపెట్టింది. ఆమె 'ద్ద' ముగించేలోపు మడకశిర పోయి, టీ తాగి తిరిగి రావచ్చు. కానీ ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు, అది మా ఊరి చరిత్రలో మొదటిసారి. తర్వాత పుష్పావతి రాసింది. 'ష' కుదరక చెరిపి, మళ్లీ రాసింది. ఆమె వెనక మిగతావాళ్లు.

"బాగుందమ్మా. కానీ ఇది యంత్రానికి ఎక్కదు" అన్నాడు సారు, నిజంగానే బాధపడుతూ.

"అయితే చదువు రానిది దానికే. దాన్ని గూడా ఈడ కూర్చోబెట్టు, మా టీచరమ్మ నేర్పిస్తాది" అంది పెద్దక్క.

సారు బోర్డును ఫోటో తీసి, బయటికి పోయి ఎవరితోనో చాలాసేపు ఫోనులో వాదించాడు. తిరిగొచ్చేసరికి చొక్కా తడిసిపోయింది.

"విత్తనాల కాలం అయ్యేదాకా సంతకాలతోనే నడపమన్నారు. తర్వాత మళ్లీ ముద్రలు అడుగుతారు."

"అడగనీలే సారూ. ఈలోపల వీళ్లు అర్జీ రాసేది గూడా నేర్చుకుంటారు" అంటూ అక్క పాఠం కోసం బోర్డు తుడవబోయింది.

పదిమందీ ఒక్కసారిగా లేచారు.

"టీచరమ్మా, చెయ్యి పెట్టొద్దు!"

ఆరోజు పాఠం శ్రీరంగప్ప గోడ మీద జరిగింది.