కిటికీ యవతలి తమలపుతీగ

రోహిణీకార్తె నడుచుచుండెను. ప్రచండమార్తాండకిరణసంతప్తమై కృష్ణాతీరమందలి యా చిన్న పట్టణమంతయు పెనము మీది యట్టు వలె వేగుచుండగా వీధులయందు నరసంచారము సన్నగిల్లి కాలువలోని గేదెలు సైతము మెడలోతు బురదనీట మునిగి కన్నులు మూసికొనియుండగా పశ్చిమముఖములైన మేడవసారాలు అపరాహ్ణవేళ నిప్పుకణికలు నింపిన కుంపట్ల వలె జ్వలించుచుండెను. అట్టి వసారాలలో నొకదాని మూల మట్టికుండీయందు కొబ్బరిపీచు చుట్టిన వెదురుకర్ర నాశ్రయించి కిటికీయూచల దాక బ్రాకిన తమలపుతీగ యొకటి యుండెను. స్నిగ్ధశ్యామలదళశోభితయై మొన్నమొన్నటి వఱకు చూచువారి కన్నులకు చలువపందిరియైన యా లత యిప్పుడు ఆకుల యంచులు మాడి కణుపులు సడలి తల వాల్చి నిలిచియుండెను.

ఆ కిటికీ కీవల పురుటిగదిలో పసికందును ప్రక్కలో వేసికొని నులకమంచము మీద పరుండిన మంగతాయారు దానినే చూచుచుండెను. ఆమె యొక యాకుతోట రైతు కూతురు. ఎనిమిదవ తరగతి చదువుచుండగా తల్లి మంచము పట్టుటచే బడి మానిపించి యింట నిలిపిరి. ఎంత సేవ చేసినను తల్లి దక్కలేదు. ఆ పిమ్మట ఏటికి వరద వచ్చి తీగలు ప్రాకించిన యవిసెచెట్లతో సహా తోట కొట్టుకొనిపోయెను; ఆ బెంగతో తండ్రియు గతించెను. ఒడ్డున మిగిలిన యొక్క కణుపును తడిగుడ్డలో చుట్టి యత్తవారింటికి తెచ్చి తన చేతులతో నాటి పెంచినదే యీ తీగ. పుట్టింట పురుడు పోయువారు లేక మెట్టినింటనే ప్రసవించిన యా బాలెంతకు పుట్టింటివైపు చుట్టమని చెప్పుకొనుటకు లోకమున మిగిలిన ప్రాణి యది యొక్కటియే.

కాని పురుడు వెళ్ళు వఱకు బాలెంత తమలపుతీగను ముట్టరాదు. ముట్టినచో తీగ మాడిపోవునని యా యింట తరతరముల నమ్మకము. అత్తగారైన శేషారత్నమ్మ యీ విషయమున నిప్పు వంటి మనిషి. బారసాలనాడు పంచు తాంబూలమున తొలియాకు ఈ తీగదే కావలెనని సంకల్పించికొని దానికి మైల సోకకుండుటకై యామె పురుటిగది గడప త్రొక్కక లేకలేక కలిగిన మనుమరాలిని ఒక్కమాఱైన ఎత్తికొనక ద్వారము వెలుపల నిలిచి చిటికెలు వేసి మురిసిపోవుచు పూటపూటకు తలమునుక స్నానము చేసి పసుపు కలిపిన నీటిని చెంబులతో తెచ్చి తీగ మొదట కుమ్మరించుచుండెను. తల్లీబిడ్డలకు నీళ్ళు పోయుటకు సూరమ్మ యను ముదుసలి వచ్చి పోవుచుండెను.

మంగతాయారు భయమునకు వేఱొక కారణము కూడ కలదు. శిశువు సరిగా పాలు పట్టదు. రెండు గ్రుక్కలు మ్రింగి నోరు వదలి సోలిపోవును. పట్టించుచునే యుండుమని ఆసుపత్రివారు చెప్పి పంపిరి. పట్టించుచునే యుండెను. ఏమి చేయగలదు? ఏ క్షణమున బిడ్డయు తీగయు నను ఆ రెండు ప్రాణములు ఆమె మనస్సున ముడివడెనో ఆమెకే తెలియదు. వసారాలో ఆకు రాలిన చప్పుడైనప్పుడెల్ల ఉలికిపడి బిడ్డ ఱొమ్మున చేయి వేసి యూపిరి చూచికొనుచుండెను.

"అత్తయ్యగారూ, పొద్దున పోశారు గదండీ. నీళ్ళెక్కువైతే వేరు కుళ్ళుద్దండీ. ఎండకి ఓ గోనెపట్టా అడ్డం కట్టించండి చాలు" అని యామె యొకనాడు కిటికీ నుండి దీనముగ పలికెను.

"నువ్వటు చూడబాక ముందు. ఇంత ఎండలో పొయ్యకపోతే బతుకుద్దా ఏంది? లోపలొక బాలెంత, బయటొక బాలెంత. నా వల్ల గాదమ్మా ఇద్దరితో!" అని శేషారత్నమ్మ నవ్వెను.

"మా నాన్న తోటలో ఇట్టా పోసేవాళ్ళు కాదండీ."

"మీ నాన్న తోట ఏట్లో పోయింది గదమ్మా!"

మాట జాఱిన వెంటనే శేషారత్నమ్మ నాలుక కఱచుకొనెను. కోడలి మొగము చూడలేక మఱియొక చెంబెడు నీరు తెచ్చి పోసెను. ఆమెకు తెలిసిన క్షమాపణ యదియే.

ధాన్యపుమిల్లు నుండి యింటికి వచ్చిన భర్త రాఘవులుతో మంగతాయారు కుండీని నీడకు జరుపుమని మొఱపెట్టుకొనెను.

"అది జరిపితే మా అమ్మ నన్ను జరుపుద్ది వీధిలోకి. ఆకే గదే, కట్ట తెచ్చి పడేస్తాలే" అని యతడు నవ్వించబోయి ఆమె కన్నుల నీరు చూచి తల గోకికొనుచు వెడలిపోయెను.

ఇట్లుండగా నొక శుక్రవారమునాడు శేషారత్నమ్మ పొరుగువీధి పెండ్లివారింట పసుపు దంచుటకు పోయెను. ఇల్లు నిర్మానుష్యమయ్యెను. మంగతాయారు నిద్రించుచున్న బిడ్డను విడిచి గోడ పట్టుకొని వసారాలోనికి వచ్చి చిరకాలమునకు తీగ యెదుట నిలిచెను. కుండీని జరుపబోవ నది కదలలేదు. మట్టిలో వ్రేలు గ్రుచ్చెను. బురద. దుర్గంధము గ్రమ్మెను. కుండీ యడుగున చేయి పెట్టి తడవి చూడ నీరు పోవు చిల్లు లోనికి మైనము పూసిన గుడ్డ గట్టిగా కూరబడియుండెను.

ఆమెకు సర్వమును బోధపడెను. చిల్లు నుండి కాఱు నీరు మెట్ల మీదుగా జాఱి జనులు చెప్పులు విడుచు చోట నిలుచును. దేవతవలె కొలుచు తీగకు పోసిన పసుపునీరు చెప్పుకాళ్ళ క్రింద పడరాదని యత్తగారు భక్తితో దానిని మూసియుండెను. కోపము రాలేదు. వచ్చినచో ఎంత సుఖముగా నుండెడిది! గుడ్డను లాగగా నల్లనినీరు బుడబుడమని వెలువడెను. వ్రేళ్ళకు తగిలిన వేరు వెన్న వలె జాఱిపోయెను. బలమంతయు కూడదీసికొని కుండీని తీగ యందినంత మేర ప్రక్కగోడ నీడకు ఈడ్చి బిడ్డ యేడ్పు విని లోనికి పరుగెత్తెను. చేతులు సబ్బుతో కడిగెను. మరల కడిగెను. ఆ చేతులతో బిడ్డ మొగము తాకుటకు ఆమెకు ధైర్యము చాలలేదు. బిడ్డ యేడ్చుచునే యుండెను.

తెల్లవాఱునప్పటికి తీగ యాకులన్నియు నేల రాలియుండెను. కొనయాకు ఒక్కటి మాత్రము ఊచ నంటుకొనియుండెను. శిశువు పాలు బొత్తిగా ముట్టక వాడియున్నందున ఆసుపత్రికి పోవుటకు రాఘవులు రిక్షా కొఱకు పరుగెత్తెను. రాత్రి ప్రొద్దుపోయి పెండ్లివారింట నుండి మరలిన శేషారత్నమ్మ యడుగులు వసారాలో స్థానము తప్పిన కుండీ కడ నాగుట మంగతాయారు వినెను. తిట్లు లేవు. ఏడ్పు లేదు. పిమ్మట అడుగుల చప్పుడు గడప కడకు వచ్చి యాగెను. అత్తగారి కొక చేత మైనపుగుడ్డయు నొక చేత కడపటి యాకును ఉండెను.

"నేనే ముట్టుకున్నానండీ" అని మంగతాయారు ఒప్పుకొనెను.

"తెలుస్తానే ఉందిలే. చిల్లు మూసిందెవరో గూడా తెలుస్తానే ఉంది. తొక్కుతారేమోనని మూశానే" అని శేషారత్నమ్మ చేతిలోని గుడ్డను చూచుచు పలికెను.

"నా చెయ్యి తగిలే పోయిందేమోనండీ."

"నా చెయ్యి తగిలి పోయిందేమో. ఎవర్నడుగుదాం?"

ఇట్లనుచు నామె గడప దాటెను. మంచము మీద కూర్చుండి యాకునకు ఆముదము పూసి దీపపు సెగను వెచ్చజేసి తన చెంపకు తాకించి చూచికొని మనుమరాలిని తొలిమాఱు ఒడిలోనికి తీసికొని చిట్టిపొట్ట మీద పఱచెను. పసిది కన్ను తెఱవలేదు. రిక్షా యింకను రాలేదు. వసారాలో కుండీయడుగున మిగిలిన నీరు ఒక్కొక్క బొట్టుగా మెట్లు దిగి చెప్పుల కడకు పోవుచుండెను. దానిని వారించువారు లేరు. అత్తాకోడండ్రిద్దఱును తమ యూపిరి బిగబట్టి ఆ చిన్నయాకు లేచుటయు దిగుటయు మరల లేచుటయు చూచుచుండిరి.